ఎవరి కళ్లతో చూసుకుంటారు?

డ్రెస్సాజ్ పోటీని మొదటిసారి చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరగడం లేదనిపిస్తుంది. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న ఇసుక బరి. చుట్టూ పొట్టి తెల్ల కంచె, కంచె వెంట అక్షరాలు రాసిన పలకలు. ఒక గుర్రం, దాని మీద ఒక మనిషి లోపలికి వస్తారు. నడక, ట్రాట్, క్యాంటర్. ఒకచోట గుండ్రంగా తిరుగుతారు, ఫలానా అక్షరం దగ్గర మలుపు తీసుకుంటారు. ఐదారు నిమిషాలయ్యాక ఆగి, జడ్జికి నమస్కరించి వెళ్లిపోతారు. దూకడాలు లేవు, పందెం లేదు. దీనికోసం తెల్లవారకముందే లేచి, గుర్రం జూలుకు జడలల్లి, ట్రైలర్‌లో ఎక్కించుకుని గంటల తరబడి రోడ్డు మీద పోయేవాళ్లున్నారంటే నమ్మబుద్ధి కాదు.

వాళ్లు వెళ్లేది కప్పు కోసం కాదు. కప్పు వచ్చేది ఒకరికే కదా. మిగతావాళ్లంతా మరో దానికోసం వెళ్తారు. గుర్రం ఎక్కినవాడికి తన ఆట తనకు కనపడదు. ఎదురుగా రెండు చెవులు, కాస్త మెడ, అంతే. వెనక కాళ్లు సమంగా పడుతున్నాయా, గుర్రం పక్కకు ఒరిగి పోతోందా, తన భుజం ఒకటి కిందికి జారిందా అనేవి పైనున్నవాడికి తెలియవు. ఇంకా ఇబ్బందికరమైన సంగతి ఏమిటంటే, ఒళ్లు అబద్ధం చెబుతుంది. ఏళ్ల తరబడి కుడికి ఒరిగి కూర్చున్నవాడికి ఆ ఒరగడమే నిటారుగా అనిపిస్తుంది. కోచ్ వచ్చి సరిచేస్తే ఎడమకు పడిపోతున్నానని గగ్గోలు పెడతాడు. అభ్యాసం గురించి ఎన్ని మంచి మాటలు చెప్పుకున్నా ఒక ముక్క ఒప్పుకోక తప్పదు: ఒంటరిగా చేసే అభ్యాసం తప్పును కూడా అంతే గట్టిగా నేర్పుతుంది.

అందుకని ఈ ఆటవాళ్లు తరాలుగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. తమకు కనపడనిది చూడటానికి ఇతరుల కళ్లను అరువు తెచ్చుకునే ఏర్పాటు అది. అమెరికాలోని ప్రాంతీయ క్లబ్బుల్లో దాన్ని బాగా గమనించవచ్చు. ఒలింపిక్స్ మొహం ఎన్నటికీ చూడని మామూలు మనుషులు అక్కడ ఏళ్లకేళ్లు నేర్చుకుంటూ ఉంటారు కాబట్టి, ఈ అధ్యాయానికి వాళ్లనే తీసుకున్నాను.

1973లో నెబ్రాస్కా రాష్ట్రం లింకన్ పట్టణంలో, లోవెల్ బూమర్ చొరవతో యునైటెడ్ స్టేట్స్ డ్రెస్సాజ్ ఫెడరేషన్ పుట్టింది. దేశాన్ని తొమ్మిది ప్రాంతాలుగా చేశారు. వాటి పరిధిలో స్థానిక క్లబ్బులు. సభ్యుల్లో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ, డ్యూటీకి ముందో తర్వాతో గుర్రం ఎక్కేవాళ్లు. నిచ్చెన మెట్లు స్పష్టంగా ఉంటాయి: ఇంట్రొడక్టరీ, ట్రైనింగ్, ఆపైన ఫస్ట్ నుంచి ఫోర్త్ దాకా నాలుగు లెవెల్స్, వాటి తర్వాత అంతర్జాతీయ స్థాయి పరీక్షలు, చిట్టచివర గ్రాండ్ ప్రీ. జీవితమంతా కింది రెండు మూడు మెట్ల మీదే గడిపేవాళ్లు ఎందరో. దాన్ని ఎవరూ నామోషీగా అనుకోరు. నాకు ఈ ఆటలో మొదట నచ్చిన సంగతి ఇదే.

మార్కుల కాగితాన్ని చదివే పద్ధతి

డ్రెస్సాజ్‌లో ప్రతి కదలికకూ సున్నా నుంచి పది దాకా మార్కు. ఒక్కో అంకెకు ఒక్కో అర్థం ముందే నిర్ణయించి ఉంటుంది. పది అంటే అత్యుత్తమం, ఎనిమిది బాగుంది, ఏడు ఫర్వాలేదనే స్థాయి కన్నా కాస్త మెరుగు, ఆరు సంతృప్తికరం, నాలుగు చాలదు, సున్నా అంటే ఆ కదలిక అసలు చేయనే లేదు. అరమార్కులు కూడా ఇస్తారు. అన్నీ కూడి శాతం లెక్కగడతారు.

ఇక్కడ తెలుగు ఇళ్లవాళ్లు కాస్త గుండె దిటవు చేసుకోవాలి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున 62 శాతం అని చెప్పిన పిల్లవాడి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. డ్రెస్సాజ్‌లో అదే 62 శాతం వస్తే గుర్రం మెడ తట్టి, ఒక క్యారెట్ ఎక్కువ పెట్టి, సంతోషంగా ఇంటికి వెళ్తారు. సంగీతంతో చేసే ఫ్రీస్టైల్ గ్రాండ్ ప్రీలో ప్రపంచ రికార్డు 94.3 శాతం. 2014 డిసెంబర్‌లో లండన్‌లో వాలెగ్రో అనే గుర్రం మీద షార్లట్ డుజార్డిన్ సాధించింది. ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో భారతదేశం తరఫున బరిలోకి దిగిన మొదటి రౌతు అనుష్ అగర్వాలాకు 2024 పారిస్‌లో వచ్చింది 66.444. కుర్రతనంలోనే కోల్‌కతా వదిలి జర్మనీ వెళ్లి, అక్కడే ఉండి నేర్చుకున్న మనిషి, ఏడాది ముందు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, విడిగా కాంస్యం గెలిచిన మనిషి తెచ్చుకున్న మార్కు అది. నూటికి నూరు రావడం మామూలైపోయిన చోట మార్కుకు చెప్పడానికి ఏమీ మిగలదు. అరవైల్లో తిరిగే కొలబద్దకే మీరు ఎక్కడున్నారో చెప్పే ఓపిక ఉంటుంది.

అయినా అసలు సొమ్ము అంకెలో లేదు, పక్క గడిలో ఉంది. ప్రతి మార్కు పక్కనా జడ్జి మాట రాయడానికి చోటుంటుంది. ‘తొందర ఎక్కువైంది.’ ‘మలుపులో వంపు చాలదు.’ ‘ఆగినప్పుడు వెనక కాళ్లు సమంగా లేవు.’ ‘లయ తప్పింది.’ చివర మొత్తం మీద రెండు మూడు వాక్యాలు. పోటీ అయ్యాక ఆ కాగితం రౌతు చేతికిస్తారు. చాలామంది శాతం చూసి, రిబ్బన్ రంగు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. మీరు అలా చేయకండి. వేర్వేరు పోటీల్లో, వేర్వేరు జడ్జీలు రాసిన మూడు కాగితాలు పక్కపక్కన పరవండి. మార్కుల వరసను ఒక స్కేలుతో మూసేయండి. మాటలు మాత్రమే చదవండి. మూడింట్లోనూ ఏదో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. రాబోయే మూడు నెలల పాఠం అదొక్కటే. మిగతా పదిహేను వ్యాఖ్యల జోలికి ఇప్పుడు పోవద్దు.

ఆ ఫెడరేషన్ ఇచ్చే పతకాల నియమంలోనూ ఇదే తెలివి ఉంది. కాంస్య పతకానికి ఫస్ట్, సెకండ్, థర్డ్ లెవెల్స్‌లో ఒక్కోదాంట్లో రెండుసార్లు 60 శాతం కానీ అంతకు మించి కానీ తెచ్చుకోవాలి. ఆ రెండూ ఇద్దరు వేర్వేరు జడ్జీల దగ్గర రావాలి. ఎవరినీ ఓడించనక్కర్లేదు, ఫలానా ఏడాదిలోపు అన్న గడువూ లేదు. ఒక జడ్జికి మీ గుర్రం ముచ్చటగా కనిపించి ఉండవచ్చు. ఇద్దరికీ అలాగే కనిపించిందంటే అందులో కొంత నిజం ఉన్నట్టే.

మీకు గుర్రంతో పని లేకపోతే ఈ కాగితాన్ని మీరే తయారు చేసుకోవాలి. మీ పని చూసిన ఇద్దరిని ఎంచుకోండి. వాళ్లిద్దరూ ఒకరికొకరు స్నేహితులు కాకుండా చూసుకోండి. ‘నా ప్రెజెంటేషన్ ఎలా ఉందన్నా?’ అని అడిగితే ‘సూపర్ తమ్ముడూ’ అన్న జవాబు తప్ప మరొకటి రాదు. ‘నేను ఎక్కడ తొందరపడ్డాను?’ అని అడిగి చూడండి. అడిగాక నోరు మూసుకుని రాసుకోండి. సంజాయిషీ మొదలుపెట్టారంటే వాళ్లు ఇంకెప్పుడూ నిజం చెప్పరు.

జడ్జి పక్క కుర్చీ

బరి చివర ‘సి’ అనే అక్షరం దగ్గర జడ్జి కూర్చుంటారు. జడ్జి కళ్లు గుర్రం మీద నుంచి పక్కకు తిరగకూడదు కనుక, చెప్పిన మార్కునూ మాటనూ రాయడానికి పక్కన ఇంకొకరు కూర్చుంటారు. వాళ్లను స్క్రైబ్ అంటారు. ఆ పని చేసేది ఎక్కువగా క్లబ్బు సభ్యులే, స్వచ్ఛందంగా. రోజంతా కూర్చోవాలి. వేగంగా రాయాలి. గుండ్రానికి బదులు చిన్న సున్నా చుట్టడం లాంటి పొట్టి గుర్తులు తెలిసుండాలి. సొంత అభిప్రాయం నోటి నుంచి రాకూడదు, అక్కడ విన్నది బయట చెప్పకూడదు.

ఈ ఆటలో ఇంతకు మించిన చదువు లేదని నా అభిప్రాయం, అదీ ఉచితంగా. జడ్జి ఎక్కడి నుంచి చూస్తున్నారో మీరూ అక్కడి నుంచే చూస్తారు. బరి మధ్యగీత మీద ఎదురుగా వచ్చే గుర్రం ఏ మాత్రం వంకర పోయినా ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో అక్కడ కూర్చున్నవాళ్లకే అర్థమవుతుంది. అదే మాట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరికి రాస్తూ పోతుంటే, మీ ఒక్కరి తప్పు అనుకున్నది అందరి తప్పూ అని తెలుస్తుంది. సిగ్గు సగం పోతుంది. జడ్జి గురించి మనసులో కట్టుకున్న భూతం కూడా దిగిపోతుంది. ‘అయ్యో, ఈ మలుపు కాస్త నిదానంగా తీసుకుని ఉంటే ఏడు ఇచ్చేదాన్ని’ అని ఆవిడ నొచ్చుకోవడం పక్కనుంచి విన్నవాళ్లు, తర్వాత తమ కాగితంలో ఆరు చూసి కోపగించుకోలేరు.

మీ రంగంలో ఇలాంటి కుర్చీ ఎక్కడుందో వెతకండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇంటర్వ్యూ ప్యానెల్‌కు నోట్స్ రాసిపెడతామని అడగవచ్చు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే, స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లొచ్చిన లెక్చరర్‌తో ఒక సాయంత్రం మాట్లాడించండి. కథలు రాసేవాళ్లు ఏదైనా చిన్న పత్రికకు వచ్చే కథల్ని వడపోసే పనికి పూనుకోండి. రచయితకు ఎప్పటికీ అర్థంకాని విషయాలు పదో కథ చదివేసరికి అర్థమవుతాయి.

స్క్రైబ్ ఒక్కరే కాదు. గేటు దగ్గర ఎవరి వంతో చూసేవాళ్లు, కళ్లెం నియమం ప్రకారం ఉందో లేదో తనిఖీ చేసేవాళ్లు, కాగితాలు మోసేవాళ్లు, మార్కులు కూడేవాళ్లు, ఇలా ఒక చిన్న పోటీ నిలబడేది సభ్యుల చేతుల మీదే. కింది లెవెల్స్‌లో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. తర్వాత చేయాల్సిన కదలిక ఏమిటో కంచె పక్కన నిలబడి ఒకరు గట్టిగా చదివి వినిపించవచ్చు. తన వంతు కాగానే ఆ రౌతే దిగొచ్చి, ఇందాక తనకు చదివిన మనిషికి తను చదివి పెట్టడం మామూలు. అది పోటీదారుకు సాయం చేయడమే. ఎవరూ అలా లెక్కవేసుకోరు.

ఇన్ని కళ్లు ఒకే భాష మాట్లాడాలంటే ఉమ్మడి కొలత ఉండాలి. జర్మన్లు స్థిరపరిచిన ఆరు మెట్ల శిక్షణ క్రమం ఆ పని చేస్తుంది: లయ, ఒంట్లో బిగువు సడలడం, పగ్గం ద్వారా నిలకడైన స్పర్శ, వెనక నుంచి పుట్టే ఊపు, తిన్నదనం, చివరికి శక్తినంతా వెనక కాళ్ల మీదికి కూడదీసుకోవడం. లయ కుదరని గుర్రానికి ఆరో మెట్టు గురించి ఎవరూ మాట్లాడరు.

గుర్రం చెప్పే మాట

అందరికన్నా ముందు చూసేది గుర్రమే. దానికి కళ్లు అక్కర్లేదు, వీపు చాలు. ఒంటి మీద ఈగ వాలితే చర్మం అదిరించి తరిమే జంతువు అది. పైన కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టినా దానికి తెలుస్తుంది. మొహమాటం తెలియదు కనుక మీరు అడిగినదానికే జవాబిస్తుంది. అడిగాననుకున్నదానికి ఇవ్వదు.

గుర్రానికి నేర్పడంలో కీలకం ఒత్తిడి ఎంత పెట్టామన్నది కాదు, ఎప్పుడు తీశామన్నది. కాలితో నొక్కుతారు. గుర్రం అడుగు ముందుకేస్తుంది. ఆ క్షణంలోనే కాలు మెత్తబడాలి. అప్పుడు దానికి ‘ఓహో, ఇదే అడిగింది’ అని అర్థమవుతుంది. అడుగు వేశాక కూడా నొక్కుతూనే ఉంటే ఆ నొక్కుడుకు అర్థం పోతుంది. కొన్నాళ్లకు గుర్రం మొద్దుబారుతుంది. రౌతు ‘ఇది మొండిది’ అని ఇంకా గట్టిగా తంతాడు. పిల్లల్ని పెంచేవాళ్లు ఈ వాక్యాలు ఇంకోసారి చదవాలి. చదువు, చదువు అని అరిచాక వాడు పుస్తకం తీశాడే అనుకోండి, ‘ఇప్పుడు తీశావా, పొద్దుటి నుంచి ఏం చేస్తున్నావ్?’ అని మళ్లీ మొదలుపెడతాం. పుస్తకం తీసినందుకు వాడికి దక్కిందేమిటి?

రౌతు కొద్దీ గుర్రం అని మన సామెత. నేర్చుకునే దశలో ఇది తిరగబడుతుంది, గుర్రం కొద్దీ రౌతు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లను పండిపోయిన లిపిజానర్ గుర్రాల మీద కూర్చోబెడతారు. రికాబులు, పగ్గాలు లేకుండా, పొడవైన తాడు చివర గుండ్రంగా తిప్పుతూ చాలాకాలం కూర్చోవడమే నేర్పుతారు. ఆ కుర్రాళ్లు ఆరితేరాక, వాళ్లే లేత గుర్రాలకు నేర్పుతారు. మన రైతులు కొత్త కోడెను ముసలి ఎద్దు పక్కన కాడికి కట్టి సాలు పట్టడం నేర్పేవారు, అదే పద్ధతి. ఏమీ తెలియని మనిషి, ఏమీ తెలియని గుర్రం కలిసి నేర్చుకుందామనుకుంటే ఇద్దరికీ దెబ్బలే. అందుకే కొత్తవాళ్లకు నా సలహా: కుర్ర గుర్రాన్ని కొనకండి, ముసలిదాన్ని పంచుకోండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా. వారంలో మూడు రోజులు యజమాని, మూడు రోజులు మీరు ఎక్కేలా ఖర్చు చెరిసగం వేసుకునే ఒప్పందాలు అమెరికా క్లబ్బుల్లో మామూలే.

జోడీ కుదిరితే ఏమవుతుందో చెప్పడానికి లిస్ హార్టెల్ కన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. డెన్మార్క్ మనిషి. 1944లో, కడుపుతో ఉండగా పోలియో సోకింది. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయడం మానేశాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు ఎత్తాలి. డ్రెస్సాజ్‌లో కాలే ముఖ్యమైన పరికరం, ఆమెకు అది లేదు. తుంటి కదలికతో, బరువు మార్పుతో చెప్పేదాన్ని జూబిలీ అనే ఆడగుర్రం వినడం నేర్చుకుంది. అప్పటిదాకా ఒలింపిక్ డ్రెస్సాజ్ సైనికాధికారులకు మాత్రమే. 1952 హెల్సింకీలో మొదటిసారి స్త్రీలకు తలుపు తెరిచారు. హార్టెల్ పురుషులతో సమానంగా పోటీపడి రజతం గెలిచింది. నాలుగేళ్లకు మళ్లీ రజతం. ఇందులో మనోబలం కథ అందరూ చెబుతారు. నేను చూసేది ఆమెను ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టిన చేతుల్ని. రోజూ ఆ చేతులు లేకపోతే మనోబలం ఇంట్లోనే ఉండిపోయేది.

ఇంకో జోడీ క్లాస్ బాల్కెన్‌హోల్, గోల్డ్‌స్టెర్న్. ఆయన జర్మనీలో గుర్రపు పోలీసు. ఆ గుర్రం పోలీసు శాఖది. 1992 బార్సిలోనాలో ఆ పోలీసు గుర్రం మీదే జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాడు.

చూసే కళ్లకు ఇంకో బాధ్యత కూడా ఉంది. పైన రికార్డు గురించి చెప్పిన డుజార్డిన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు తప్పుకోవాల్సి వచ్చింది. ఒక శిక్షణ సమయంలో ఆమె గుర్రం కాళ్ల మీద కొరడాతో పదే పదే కొట్టిన వీడియో బయటపడింది. అంతర్జాతీయ సమాఖ్య ఏడాది నిషేధం, 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఆ వీడియో నాలుగేళ్ల కిందటిదని ఆమే చెప్పింది. నన్ను కలవరపెట్టేది ఆ నాలుగేళ్లే. మంచి క్లబ్బు అంటే మీ మలుపులో వంపు చాలదని చెప్పేది మాత్రమే కాదు. మీరు ఎంత పేరున్నవారైనా, ‘ఆపండి, ఇక చాలు, గుర్రాన్ని నడిపించండి’ అని అక్కడే, అప్పుడే అనగల మనిషి అందులో ఒక్కరైనా ఉండాలి. మీ చుట్టూ అలాంటివారు ఎవరో పేరు చెప్పగలరా?

వయసు మీరిందని వెనకాడేవాళ్లకు ఒక ముచ్చట. లింకన్‌లోనే ఉన్న డ్రెస్సాజ్ ఫౌండేషన్ 1996లో సెంచరీ క్లబ్ అని ఒకటి పెట్టింది. రౌతు వయసు, గుర్రం వయసు కలిపి వంద నిండితే చాలు, ఏ లెవెల్‌లోనైనా జడ్జి ముందు ఒక పరీక్ష చేసి సభ్యులు కావచ్చు. గుర్రాలు పాతికేళ్లు బతకడం మామూలే కనుక, అలాంటి గుర్రం ఉంటే రౌతుకు డెబ్బై అయిదు నిండితే సరిపోతుందన్నమాట. మార్కులు ఎన్ని వచ్చాయన్నది ప్రవేశానికి అడ్డం కాదు. ఊరి క్లబ్బు మొత్తం కంచె చుట్టూ చేరి చప్పట్లు కొట్టే పోటీ ఏదైనా ఉందంటే అదే.

ఇక మన దగ్గర మొదలుపెట్టాలనుకునేవాళ్లకు. హైదరాబాద్‌లో గుర్రపు స్వారీ కొత్త కాదు. జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో అది భాగం, ప్రైవేటు రైడింగ్ స్కూళ్లూ ఉన్నాయి. మీకోసమైనా, పిల్లలకోసమైనా ఫీజు కట్టే ముందు ఒక పూట ఊరికే వెళ్లి కూర్చోండి. మీ స్థాయివాళ్ల క్లాసు చూడండి, చాంపియన్ల క్లాసు కాదు. టీచర్ ఎన్నిసార్లు అరిచాడో కాదు, గుర్రం సరిగ్గా చేసినప్పుడు ఎన్నిసార్లు ‘శెభాష్’ అన్నాడో గమనించండి. మొదటి కొన్ని వారాలు తాడు చివర పగ్గాలు లేకుండా తిప్పుతారా అని అడగండి. ‘అదంతా అక్కర్లేదు, రెండో రోజే పరిగెత్తిస్తాం’ అంటే అనుమానించండి. నేను ఎక్కినప్పుడు కింద నిలబడి చూసేది ఎవరు, ఒకే మనిషా, రోజుకొకరా అని అడగండి. తర్వాత గుర్రాల దగ్గరికి తీసుకెళ్లమనండి. జీను పడేచోట వీపు మీద పుండ్లున్నాయా, నోటి మూలలు ఒరుసుకుపోయాయా చూడండి. ఒక్కో గుర్రం రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తుంది, వారంలో దానికి సెలవు ఏ రోజు అని అడగండి. ఠక్కున జవాబు రాకపోతే ఇంకో చోటు వెతుక్కోండి.